బ్రేకు బిగించిన చెయ్యి

హలో… మహిపాలేనా? ఆ, నేనే. కొత్తవాడ సారయ్యను… మానస వాళ్ళ నాయినను.

కాకా అనకు. ముందుగాల ఒకటి చెప్పు. దుకాణంలనే ఉన్నవా?

ఒక్కనివేనా?

మంచిది. ఆడనే ఉండు. కదలకు.

ఎందుకా… మా బామ్మర్ది ఎరుకే గదా నీకు? సారంగపాణి. మొన్న సైకిల్ తీస్కపోయేటప్పుడు మానసతోని వచ్చిండు సూడు, ఎత్తుగ, గడ్డం పెంచుకొని… ఆ, వాడే. బయలెల్లిండు. నీ దగ్గరికే వస్తాండు.

బండి మీద. ట్యాంకు మీద ఇనుప రాడ్ అడ్డం పెట్టుకొని. రాడ్ నేనే ఇచ్చిన. మా ట్రాలీ జాకీది.

నవ్వుతానవా… నవ్వు. వాడు వచ్చేదాక నవ్వు. వచ్చినంక నవ్వరాదు.

ఏమైందా. ఏమైందో నీకింక తెల్వదా? హసన్‌పర్తి అంత చెప్పుకుంటాంది, నీ దుకాణం ముందుకెల్లే అంబులెన్స్ పోయింది…

ఆ. మా బిడ్డనే అండ్ల.

పొద్దుగాల గుట్ట దిగుతాంటే బ్రేకు పడలే. ముందటిది పడలే, ఎనుకటిది పడలే. మలుపుకాడ ట్రాక్టర్ ఆగి ఉండె. దాని డబ్బా అంచుకు మూతితోని కొట్టుకున్నది. దౌడ ఇరిగింది. ముందటి పండ్లు… రోడ్డు మీదికెల్లి నేనే ఏరిన మహిపాల్. ఇంత కంకర, ఇంత నెత్తురు, దాంట్ల పండ్లు ఏరిన. డాక్టర్‌కు ఇయ్యబోతే ఇవి ఇప్పుడెందుకయ్యా అన్నడు. ఇంక నా అంగి జేబులనే ఉన్నయ్.

బతికే ఉంది. ఆపరేషన్‌కు తీస్కపోయిండ్లు. మా శారద ఆడ తలుపుకాడ కూసున్నది. నేను సైకిల్‌ను ట్రాలీల ఏసుకొని ఇంటికి తెచ్చిన. దవాఖానల కూసుంటే ఎవన్నో ఒకన్ని కొడుతనని శారదనే పొమ్మన్నది.

నువ్వేం చేసినవా? నువ్వేం చేసినవో మా బిడ్డ చెప్పింది. నోరు తెరవరాక చేతితోని చెప్పింది. నా చేతి నాలుగు వేళ్ళు పట్టుకొని పిడికిలి మూసింది. మొత్తం మూసింది. అర్థమైందా? బ్రేకు పిడి నొక్కితే హ్యాండిల్‌కు ఆనింది అని. మెత్తగ పోయింది అని.

ఆ బ్రేకు బాగు చేసింది ఎవలు? ఆదివారం సూదితోని నూనె ఎక్కిచ్చి, బ్రేకు పైపులకెల్లి గాలి తీసిన, ఇగ ఫికర్ లేదు అని చెప్పి పంపింది ఎవలు?

పిడి రాయి లెక్క గట్టిగ ఉండెనా. నువ్వు ఇచ్చినప్పుడు రాయి లెక్కనే ఉంటది. నడిరోడ్డు మీద గూడ ఉండాలె గద రాయి.

ఇను. నీది కుడిచేతి వాటమేనా?

ఎడమనా… అడిగింది మంచిదాయె. పాణికి కుడిచెయ్యి అని చెప్పి పంపిన. ఫోన్ చేసి చెప్దామంటే వాని ఫోన్ దవాఖానల శారద దగ్గరే ఉండిపాయె. ఒక పని చెయ్యి, రెండు చేతులు ముందట పెట్టు. ఏది కావాల్నో వాడే చూసుకుంటడు.

పోలీసులకా? చెయ్యి. పాణి నీ పని అయినంక తనే పోయి టేషన్ల కూసుంటనన్నడు.

షట్టర్ ఏసుకొని ఇంటికి పోతవా? పో. మీ ఇల్లు ఎరుక లేదా వానికి? మీ అవ్వ ముందట కొడుతడు, గంతే తేడా.

ఏం చూడాలె?… నాకు పని చెప్తానవా నువ్వు?

నూనె కారిందా అని… కారితే ఏంది, కారకపోతే ఏంది?

సరే. చూస్తాన్న. నీ కోసం కాదు. రేపు పంచాయితీల పెద్దమనుషులు అడిగితే చెప్పుటానికి. సైకిల్ ఇగ ముందటనే ఉంది. గోడకు ఆనిచ్చి పెట్టిన. ముందటి చక్రం వంకర పోయింది. దాని మీద మా బిడ్డ నెత్తురు అట్ల ఎండిపోయి ఉంది…

పైపు పొడిగ ఉంది. ఎనుకటిది గూడ పొడిగనే. చక్రం కాడ ఆ ఇనుప బిళ్ళ… ఆ, డిస్కు. పొడిగనే ఉంది. పైపు ఏడ తెగలే.

నొక్కిన… ఆనింది. రెండూ ఆనినయ్. వెన్నముద్ద నొక్కినట్టు పోతాంది. ఇదేనా నీ రాయి?

ఆపకుంట గబగబ నొక్కాల్నా… నొక్కుతాన్న… నొక్కుతాన్న ఆగు…

ఆ. గట్టి పడుతాంది. సగంలనే ఆగింది ఇప్పుడు… అయితేంది? గుట్ట మీదికెల్లి పడుతాంటే, ట్రాక్టర్ ఎదురుంగ ఉంటే, పిల్ల గిట్ల కూసోని నొక్కుతదా?

గాలా.

నూనెల గాలి చొచ్చిందంటావు. చొచ్చిందా, నువ్వే ఉంచినవా?

మల్ల చెప్పు… తలకిందులా? సైకిల్‌ను తలకిందులు ఎవలు పెడుతరు?

ఎందుకు అడుగుతానవ్? చెప్పు, నాకు అర్థమైనట్టు చెప్పు. నేను ఆరో తరగతి దాటలే.

ఊ… హ్యాండిల్ మీద చిన్న నూనె డబ్బి ఉంటది. కనపడుతాంది. ఊ… దాంట్ల పైన జర గాలి ఉంటది. సైకిల్ సక్కగ నిలబడ్డంత సేపు ఆ గాలి పైననే ఉంటది, ఏం కాదు… తిప్పి పెడితే డబ్బి కిందికైతది, చక్రం మీదికైతది. గాలి పైపుల పడి చక్రం దిక్కు ఎక్కుతది. ఊ. నొక్కితే నూనె కదలాల్సిన కాడ గాలి నలుగుతది. అందుకే మెత్తగ.

ఎంత సేపు తిప్పి పెడితే అంత గాలి. అర్థమైంది.

ఆగు. ఆగు మహిపాల్. అంటే ఆ డబ్బిల గాలి ఉంచింది నువ్వే అన్నట్టు. నిండ పోస్తే?

నిండ పోస్తే తిప్పినా ఏం కాదా… మరి ఎందుకు పొయ్యలే?

నూనె అయిపోయిందా.

చూడు, నీ నోటితోని నువ్వే చెప్తానవ్. నేను అడగలే. నిండ పోసిన అని అబద్ధం ఆడచ్చు గద నువ్వు. నాకేం తెల్వాలె? ఎందుకు చెప్తానవ్?

మానసకు చెప్పిన్నంటావా… "వచ్చే వారం నిండ పోస్త, అప్పటిదాక తిప్పి పెట్టకు" అని. నాకు చెప్పలే పిల్ల. నాకెప్పుడు చెప్తది? నిన్నంత కరీంనగర్ లోడు. పొద్దుగాల వస్తాంటే తొవ్వలనే ఫోన్ వచ్చింది, గటే గుట్టకాడికి పోయిన. పిల్ల లేసి ఉండంగ చూసి ఎన్ని దినాలాయెనో.

సగం తప్పు నీదే. ఒప్పుకుంటానవా?

ఒప్పుకున్నవు. మంచిది. సగం చెయ్యి ఎట్ల ఇరగ్గొట్టాల్నో పాణికి చెప్పలే నేను.

గుర్తులా? తిప్పి పెడితే ఏం గుర్తులుంటయ్…

ఆగు.

సీటు మీద గీకుడు పడ్డది. నడి నెత్తిన. పడ్డప్పుడు గీసుకున్నది కావచ్చు… కాదు. రోడ్డుకు గీసుకుంటే నల్లగ ఉండాలె, ఇది సిమెంటు. తెల్లగ. నూనె డబ్బి మూతల మీద గూడ గదే సిమెంటు, రెండిటి మీద. మా అరుగు సిమెంటు గిట్లనే రాలుతది…

ఎనుక టైరు… ఎనుక టైరుకు సుద్దగీతలు ఉన్నయ్. రెండు అడ్డం, ఒకటి నిలువు.

ఏం లేదు. ఎనుక చక్రం తిప్పి చూడనియ్యి.

ఈ గీతలు నాకు ఎరుకే మహిపాల్. పంచర్ దొరికినకాడ గీసే గీతలు. కొత్తవాడల ఒక్కడే గీస్తడు గిట్ల. ఫోన్ పెట్టకు. పెట్టినవో, పాణి కాదు, నేనే వస్త.

బాపూ. ఓ బాపూ, లే. ఇటు చూడు. ఈ సైకిల్ ముట్టినవా నువ్వు?

నిన్న రాత్రినా… పంచర్ ఏసినవా. ఎట్ల పెట్టి ఏసినవు? ఎట్ల పెట్టినవు అని అడుగుతాన్న, ఎందుకు పెట్టినవు అని కాదు.

ఎంత సేపు?

తెల్లారేదాకనా. రాత్రంత?

ఇన్నవా మహిపాల్?… సొల్యూషన్ ఆరాలంటాండు. రాత్రంత కదపకుంట పెడితేనే అతుకు పడుతదంట. పిల్ల పండుకున్నంక, తెల్వకుంట ఏసిండంట. పొద్దుగాల లేచి చూసి తాత కాళ్ళు మొక్కి పోయిందంట. మొక్కి పోయింది ఇన్నవా. నువ్వు తిప్పి పెట్టకు అన్నది ఆ పిల్లకు ఎరుకే. తాత ఏసిండు గదా, ఏమనాలె అనుకున్నట్టుంది. చప్పుడు చెయ్యకుంట సక్కగ నిలబెట్టుకొని ఎక్కి పోయింది.

ఎవరా? మా బాపు. కట్టయ్య. సైకిల్ కట్టయ్య అంటే ఇక్కడ పెద్దోళ్ళకు ఇంక ఎరుకే.

నన్ను ఆరో తరగతిల బడికెల్లి గుంజుకచ్చిండు ఈయన. పలక అటు ఇసిరేసి పాన ఇటు పెట్టిండు చేతిల. ఏం నేర్పిండు? సైకిల్ కనపడంగనే తలకిందులు పెట్టుడు. పంచరైనా గదే, చైనైనా గదే, బెల్లు మోగకపోయినా గదే. నేను సక్కగ పెట్టి చెయ్యబోతే పానతోని ఏళ్ళ మీద కొట్టెటోడు. ఈ బొటనేలు ఇప్పటికి వంగది. అన్నం ముద్ద సక్కగ కలపరాదు నాకు. ఆ దుకాణం మునిగింది, నా చదువు మునిగింది, ఈయన మాత్రం ఇంక తిప్పి పెడుతాండు. ఇగో చూడు, ఎంత మంచిగ తిప్పి పెట్టిండో.

పాన ఇక్కడనే ఉంది. నా చేతిలనే ఉంది.

నువ్వు నడుమ మాట్లాడకు.

బాపూ, చెయ్యి ఇటు పెట్టు. అరుగు మీద పెట్టు. ఏళ్ళు సాపు.

పెట్టిండు.

పెట్టిండు మహిపాల్. పెట్టమంగనే పెట్టిండు. ఎందుకో గూడ అడుగలే. ఏళ్ళకు సుద్ద ఇంక అంటుకొనే ఉంది. "పిల్లకు ఎట్లున్నదిరా" అంటాండు. ఏం చెప్పాలె నేను? ముందు గది చెప్పు నువ్వు. కొట్టుటానికి ముందు చెప్పాల్నా, కొట్టినంక చెప్పాల్నా?

తెల్వక చేసిండా. తెల్వక చేస్తే పండ్లు మల్ల మొలుస్తయా?

ముసలోడే. అయితే?

ఓరి… నీ చెయ్యి పొయ్యేటట్టు ఉంది, మా బాపు చెయ్యి గురించి నీకెందుకురా ఫికర్? నీకేమైతడు ఈయన?

కొట్టొద్దు కొట్టొద్దు అని అరిస్తే నా చెవు పోతాంది. అరవకు.

పెట్టిన. పాన కింద పెట్టిన అంటాన్న గద. సప్పుడు ఇనలేదా?

బాపూ… చెయ్యి తీసుకో. తీసుకో, ఏం లేదు. పిల్లకు మంచిగనే ఉంది. కుట్లేస్తాండ్లు. కూసో.

లైన్ల ఉన్నవా… ఆ.

పాణి ఇంక రాలేదా? తొవ్వల ట్రాఫిక్ ఉన్నట్టుంది… వస్తడు. రాకుంట ఉండడు.

ఎట్ల ఆపాలె చెప్పు. ఫోన్ లేదు వాని దగ్గర. నేను ఇప్పుడు ట్రాలీ తీసినా వాన్ని అందుకోను. నీ ఫోన్ల చెప్పుడు తప్ప వేరే దారి లేదు. చెప్తే ఏమని చెప్పాలె? నువ్వు కాదంటే మరి ఎవలు అంటడు. పొయ్యేటప్పుడు నా ముందట నిలబడి ఒక మాట అన్నడు. "బావా, ఆ బ్రేకు కరాబ్ చేసిన చెయ్యి ఎవనిదైనా సరే, ఇయ్యాల ఉండది" అన్నడు. ఎవనిదైనా. మానసను భుజాల మీద పెంచినోడు వాడు. నేను లోడ్ల మీద తిరుగుతాంటే బడికి తోలింది, సైకిల్ తొక్కుడు నేర్పింది వాడే.

మా బాపు అని చెప్పరాదు. మా బాపు పేరు ఎత్తితేనే వాని కండ్లు ఎర్రగైతయ్. పెండ్లైన కొత్తల మా బాపు శారదను చెంప మీద కొట్టిండు, వీడు ఆ దినం చూసిండు. చిన్నోడు అప్పుడు. ఏం చెయ్యలేకపోయిండు. అది ఇంక కడుపులనే ఉంది. మా బాపు చెయ్యి అని తెలిస్తే చెయ్యితోని ఆగడు వాడు.

ఒక మాట చెప్త, తిట్టుకో.

ఇప్పుడు నేను ఈ ఫోన్ పెట్టేస్తే అయిపోతది. పాణి వస్తడు, నీ పని చేస్తడు, పోతడు. సగం తప్పు నీదే అని నువ్వే అంటివి. సీటు తుడుస్త, డబ్బి మూతలు తుడుస్త, సుద్దగీత తుడుస్త. మా ఇంట్ల ఎవలకు ఏం తెల్వది. బాపుకు అయితే ఇంక ఏం అర్థం గాలే, ఆయన నోరు నేను మూపిస్త. ఎంత సులువైన పని…

ఏడ్వకు. ఏడ్వకుర. ఫోన్ పెడుతా అనలే నేను. అనిపిచ్చింది అన్న. అనిపిచ్చింది గూడ చెప్పొద్దా?

ఎనుకకెల్లి దారి ఉందా నీ దుకాణానికి?… గోడనేనా. ఏం దుకాణం పెట్టినవయ్యా.

ఏ బండి సప్పుడు?… ఎర్రదా? సైలెన్సర్ పగిలినట్టు వస్తదా?

వాడే. షట్టర్ గుంజు. లోపలుండి గుంజు, పట్టుకొని కింద కూసో. పట్టుకో గట్టిగ.

అది ఏం సప్పుడు… రాడ్‌తోనా. షట్టర్ మీదనే కొడుతాండు గదా, నీ మీద కాదు గదా? ఫోన్ స్పీకర్ల పెట్టు. పెట్టి షట్టర్ సందుకు పట్టు.

పాణీ. ఓ పాణీ. నేనురా, బావను. ఆపు… ఇనపడుతలేదా వానికి?… పాణీ.

లేసిందా షట్టర్?

మహిపాల్. మహిపాల్… అది అద్దమా, నీ చెయ్యా?

అద్దమేనా. చేతులు ఎనుకకు పెట్టుకో. ఎనుకకు. ఫోన్ జారిడువకు. నువ్వు ఫోన్ ఇడిస్తే నేను ఇంక ఏం చెయ్యరాదు.

పడ్డదా… ఏడ పడ్డది? భుజం మీదనా? పాణీ. చాలుర. చాలు. ఆ చెయ్యి కాదు. ఇనపడుతాందా నీకు, తప్పు చేసిన చెయ్యి అది కాదు.

ఆగినవా?

ఆగినవు. రాడ్ దించు. దించి ఊపిరి తీసుకో. వానిది కాదని ఎందుకంటాన్నంటే… నాకు తెల్సు ఎవలదో. సైకిల్ చూసిన. మొత్తం ఇప్పి చూసిన.

నాది.

నా చెయ్యే, పాణీ. రాత్రే వచ్చిన కరీంనగర్‌కెల్లి. ఇంట్ల అందరు పండుకున్నరు. ఎనుక టైరు పంచరై ఉంది, పొద్దుగాల పిల్లకు కావాలె గదా అని ఏసిన. తిప్పి పెట్టి ఏసిన, అట్లనే ఇడిసిపెట్టి పోయి ట్రాలీల పండుకున్న. తిప్పి పెడితే బ్రేకుల గాలి చొస్తదంట. నాకు తెల్వది. ఈ పోరడు చెప్తే ఇప్పుడు తెలిసింది. గాలే అది. నొక్కి చూసిన.

మీ అక్కకు తెల్వది. నేను వచ్చింది ఎవలు చూడలే.

మరి నిన్నెందుకు పంపినట్టంటే… ఎవడో ఒకడు దొరకాలె గదా ఆ టైంల. వీడు దొరికిండు. పంపిన.

తిట్టు. తిట్టు, ఇంటాన్న.

ఆ. ఆ మాట గూడ నిజమే. తండ్రి ఉండి ఏం లాభం, నిజమే.

ఇంట్లనే ఉన్న, ఎటు పోత? రా. ఎవనిదైనా సరే అన్నవు గద. నేను కుడిచెయ్యోన్ని. రాడ్ ఆ పోరని దుకాణంల పారెయ్యకు, ట్రాలీ జాకీది అది, తెచ్చుకో.

మహిపాల్… పోయిండా? బండి స్టార్ట్ చేసిండా?

భుజం లేస్తాందా… లేపు. పూర్తిగ లేపు. నొప్పి ఉంటది, లేస్తాందా లేదా గది చెప్పు. లేస్తే ఇరగలే. అయినా దవాఖానకు పో. మీ అవ్వకు చెప్పకు, పడ్డ అని చెప్పు.

ఇను. నువ్వు ఏం ఇనలే. నేను ఎవలను లేపిన, ఎవలను అడిగిన, ఎవలు ఏం చెప్పిండ్లు, ఏం ఇనలే నువ్వు. నాకే సుద్దగీతలు కనపడ్డయ్, నేనే ఏసిన. సగం నీదని ఒప్పుకున్నవు గనుక ఈ మాత్రం మొయ్యి.

ఏం ప్రేమ… నీ మొఖం. ఈయన మీద నాకేం ప్రేమ లేదు. ఈయన ఎముక ఇరిగితే ఇగ అతకది. నాది అతుకుతది. గంతే లెక్క.

దండాలు పెట్టకు నాకు. నీ దుకాణం పగిలింది నా వల్లనే.

బాపూ, లే. లోపలికి నడువు. "నేనే గదరా ఏసిన" అనుడు బంద్ చెయ్యి. ఏసింది నువ్వు కాదు. ఆ రూముల కూసో. బయట ఏం సప్పుడైనా రాకు, ఎవలు పిలిచినా పలకకు, నేను పిలిచినా పలకకు. గొళ్ళెం బయటికెల్లి పెడుతాన్న.

ఇడువు నా చెయ్యి. ఇడువు బాపూ… కూసో.

ఆ, మహిపాల్. పెడుతాన్న ఇగ. గేటుకు తాళం ఉంది, తీసి పెట్టాలె. వాడు వచ్చేదాక తీయకపోతే దాన్ని గూడ పగలగొడుతడు.